మసరత్ కొన్న ఫోన్

జమ్మలమడుగులో మసరత్ ఇల్లు ఎక్కడని అడిగితే వీధి పేరు చెప్పరు. మగ్గం ఉన్న ఇల్లంటారు. ముందు గది నిండా ఆ మగ్గమే. నాలుగు కాళ్ళ మీద చెక్క చట్రం, చట్రానికి బిగించిన పట్టుగుడ్డ, గుడ్డ మీద సగం పూసిన పూలు. ఇంటికొచ్చిన చుట్టాలు గోడకు వీపు ఆనించి పక్కవాటుగా నడిచి లోపలికి పోవాలి. లావుగా ఉన్నవాళ్ళు వాకిట్లోనే కుర్చీ వేయించుకుంటారు. మసరత్ భర్త నయీం చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. డ్యూటీ దిగి వస్తే పక్కసందులోంచి పెరట్లోకి పోయి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ముందు గదిలో అడుగు పెడతాడు. పెళ్ళయిన మొదటి వారంలో ఆమె పెట్టిన నియమం అది. ఇరవై యేళ్ళు దాటింది. ఒక్కరోజూ తప్పలేదు.

ఆమెకు నలభై రెండేళ్ళు. పదహారో యేట ప్రొద్దుటూర్లో చిన్నమ్మ ఖమ్రున్నీసా దగ్గర ఆరీ సూది పట్టింది. కొనకు చిన్న కొక్కెం ఉండే సూది అది. పైనుంచి దిగి, గుడ్డ కింద ఉన్న దారాన్ని అందుకొని, పైకి వస్తుంది. ఆ పని ఎవరికైనా ఆరు నెలల్లో వస్తుంది. మసరత్‌కు వేరేది వచ్చింది. ఆమెకు ఎరుపు అనే రంగు లేదు. వక్క రంగు ఉంది, ఇటుక రంగు ఉంది, కుంకుమ రంగు, దానిమ్మ గింజ రంగు, పండుమిరప రంగు ఉన్నాయి. ఎవరైనా ఎర్రదారం కావాలంటే సూది ఆపి, ఏ ఎరుపని అడుగుతుంది. అడిగించుకున్నవాళ్ళు మొదట నవ్వుతారు. తర్వాత తమ చీర వైపు చూసుకుంటారు. ఆ చీర తామే కొన్నా, దాని రంగు పేరు తమకు తెలియదని అప్పుడే తెలుస్తుంది.

ఆమెకు పని ఎక్కువగా పులివెందుల వైపు నుంచి వచ్చేది. దానికి కారణం సుశీలమ్మ. ఆదినారాయణ భార్య. లింగాల దగ్గర వాళ్ళకు చీనీ తోటలున్నాయి. సుశీలమ్మ ఒకరి పనితనం బాగుందంటే పులివెందులలో పది ఇళ్ళు ఒప్పుకుంటాయి. బాగాలేదంటే ఇరవై ఇళ్ళు ఒప్పుకుంటాయి.

సుశీలమ్మ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. శుభకార్యానికి కొన్న చీరను దేవుని ముందు పెట్టి పూజ చేస్తారు. పూజలో పెట్టిన చీర, కట్టుకునే రోజు దాకా గడప దాటదు. దానికి కత్తెర తగలకూడదు. కాబట్టి చీరలో వచ్చే రవిక గుడ్డను కోయరు. అంచు రంగుకు సరిపోయే పట్టుగుడ్డ వేరే కొని, దాని మీద మగ్గం పని చేయించాలి. మామూలు చీరలైతే సుశీలమ్మ బస్సులో పంపేది. పూజ చీరలకు ఫొటోలే పంపేది. ఫొటోలో రంగు చూసి మసరత్ గుడ్డ కొనేది, దారం ఎంచేది.

రెండు మూడుసార్లు కుదిరింది. పోయిన శ్రావణంలో సుశీలమ్మ కొత్తింట్లో చేరినప్పుడు కుదరలేదు. ఫొటోలో అంచు దానిమ్మ గింజలా ఉంది. మసరత్ దానిమ్మ గింజ రంగు గుడ్డ తెచ్చి, పదిహేను రోజులు వంగి కూర్చుని, నెమళ్ళు కుట్టి పంపింది. చీర అంచు నిజానికి వక్క రంగు.

నెల రోజులు సుశీలమ్మ ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ చేసింది.

“మసరత్తూ, ఒక మాట చెప్తా, మనసులో పెట్టుకోవాకు.”

“చెప్పక్కా.”

“ఆ పొద్దు ఇంటికొచ్చినోళ్ళు ఒక్కరూ ఇల్లు చూడ్ల్యా. అందరూ నా రవికే చూసినారు. మా ఆడబిడ్డయితే ‘ఏం వదినా, రవిక యాడన్నా అరువు తెచ్చినావా’ అనె. నవ్వుతానే అనె. నేనూ నవ్వితి.”

మసరత్ సూదిని గుడ్డకు గుచ్చి పెట్టింది.

“మా కోడలు పావనికి వచ్చే నెల పదకొండున శ్రీమంతం. చీర పూజలో పెట్టినాం. ఇదొక్కటీ నీకే ఇస్తాండా. ఈసారీ రంగు తప్పితే ఇంగ ప్రొద్దుటూర్లో ఇచ్చుకుంటా. నీ పనికి వంక పెట్టేది లేదు. నీ కంటికి ఏమయిందో నువ్వే చూసుకో.”

నీ కంటికి ఏమయిందో. ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పని పోతుందన్న భయం కాదు. ప్రొద్దుటూర్లో, జమ్మలమడుగులో వెతికితే వేరే పని దొరుకుతుంది. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆమె దగ్గర ఉన్నది కన్నొక్కటే. అది పోయిందని పులివెందులలో అనుకుంటున్నారు.

మరునాడు పొద్దున దారాలన్నీ తీసి వాకిట్లో పరిచింది. ఒక్కొక్కటీ చూసింది. వక్క వక్కలాగే ఉంది. ఇటుక ఇటుకలాగే ఉంది. కంటికి ఏమీ కాలేదు. మరి ఏం తప్పిందంటే, ఫోన్.

ఆమె ఫోన్ నాలుగేళ్ళది. అద్దం మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత. కింది భాగంలో పసుపు మరక. కూతురు సుహానా డిగ్రీ రెండో సంవత్సరం. ఆ పిల్ల ఏడాదిగా చెప్తూనే ఉంది.

“అమ్మీ, దాంట్లో నా మొగమే కామెర్లు వచ్చినట్లు ఉంటాది. నువ్వు పట్టుచీరలు చూస్తాండావు.”

తమ్ముడు జహీర్ కువైట్‌లో కార్ల ఏసీలు బాగుచేస్తాడు. ఆమె సంగతి చెప్పగానే డబ్బు పంపాడు. మామూలు ఫోన్‌కు కాదు, ఆ నెలలోనే విడుదలైన ఫోన్‌కు. “ఆపా, కెమెరా అంటే అదే కెమెరా. ఈడ మా రూములో అందరూ దాన్ని గురించే మాట్లాడతాండారు. పాతది కొనొద్దు, మాటివ్వు” అన్నాడు. ఆమె మాట ఇవ్వలేదు. చూస్తానంది.

శనివారం పొద్దున తల్లీకూతుళ్ళు ప్రొద్దుటూరు బస్సెక్కారు. మసరత్ సంచిలో ఒక తెల్ల చేతిరుమాలు. అందులో ఎరుపు జాతి దారాలు ఏడు రీళ్ళు, వరుస తప్పకుండా.

“అవి యాలమ్మీ?” అంది సుహానా.

“పెండ్లి చూపులకు పోతాండాం కదా. పిల్లోని గుణం తెల్సుకోవద్దా?”

ఫోన్ల అంగడి చల్లగా, తెల్లగా ఉంది. కొత్త ఫోనూ, పోయినేటి ఫోనూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. రెండింటికీ సన్నటి తీగ కట్టి బల్లకు బిగించారు. చూపించేవాని పేరు ప్రవీణ్. చొక్కా మీద పేరు రాసుకున్నాడు. సుహానా కొత్తదాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు కింద పెట్టలేదు.

“తీస్కోండక్కా, దీనికి తిరుగే లేదు” అన్నాడు ప్రవీణ్. “పోయినేడుదానికీ దీనికీ నేలకూ మిద్దెకూ ఉన్నంత తేడా. దీంట్లో ఏఐ ఉండాది. మనం ఎట్ల తీసినా అదే సరి చేస్తాది.”

“ఏం సరి చేస్తాది?”

“అన్నీ. మొగం సరి చేస్తాది, వెలుతురు సరి చేస్తాది, రంగులు సరి చేస్తాది.”

“రంగుకు ఏమయిందని సరి చేసేది?”

ప్రవీణ్ సుహానా వైపు చూశాడు. సుహానా పైకప్పు వైపు చూసింది.

మసరత్ తన పాత ఫోన్ తీసింది. పావని పంపిన ఫొటో అందులో ఉంది. శ్రీమంతం చీర. ఒళ్ళంతా మామిడి చిగురు, అంచు ఎరుపు జాతిది. ఆ ఫొటోను రెండు ఫోన్లలోకీ వేయమంది. ప్రవీణ్ వేశాడు. మూడు ఫోన్లను ఒక వరుసలో పెట్టి ఆమె బల్ల మీదికి వంగింది. మగ్గం మీదికి వంగినట్టే వంగింది.

తన ఫోన్‌లో అంచు వక్క రంగు. పోయినేటి ఫోన్‌లో ఇటుక. కొత్తదాంట్లో కుంకుమ.

ఒకే చీర. ఒకే ఫొటో. మూడు అంచులు.

“దీంట్లో యాది నిజం?” అంది.

“కొత్తదాంట్లోదేనక్కా. ఎంత బాగుండాదో చూడండి.”

“బాగుండేది అడగల్యా నాయనా. నిజం యాదని అడిగినా.”

ప్రవీణ్ మూడు ఫోన్లనూ మళ్ళీ చూశాడు. మంచి పిల్లవాడే. అబద్ధం చెప్పే అలవాటు ఉన్నా, అడిగిన మాటకు అబద్ధం దొరకనప్పుడు ఊరుకునే గుణం కూడా ఉంది.

“బయట ఎండలో చూడాల” అంది మసరత్.

“బయటికి కుదరదక్కా. తీగ కట్టినారు.”

“కట్టినోళ్ళే విప్పుతారు కదా.”

“ఓనరు ఒప్పుకోడు.”

“అడుగు. మేం ఈడ్నే ఉంటాం.” ఆమె కుర్చీలో కూర్చుంది. మగ్గం ముందు రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. ప్రవీణ్ లోపలికి పోయి వచ్చాడు. రెండోసారి పోయి వచ్చాడు. మూడోసారి తాళంచెవితో వచ్చాడు.

“నేను పక్కనే ఉంటానక్కా. ఫోన్లు నా చేతిలోనే ఉంటాయి.”

“ఉండు నాయనా. ఫొటోలు తీసేది నువ్వే.”

ముగ్గురూ అంగడి ముందు ఎండలోకి వచ్చారు. పదకొండు గంటల ఎండ. పక్కన చెరకురసం బండి మనిషి మిషను ఆపి చూశాడు.

“ఏంది ప్రవీణూ, ఫోన్లను ఎండబెడతాండావా? తేమ పట్టినాయా?”

“గమ్మునుండు మామా.”

మసరత్ చేతిరుమాలు విప్పింది. రీళ్ళను మెట్టు మీద వరుసగా నిలబెట్టింది. అప్పుడు ఖమ్రున్నీసా నేర్పినట్టే చేసింది. చిన్నమ్మ దారాన్ని గుడ్డ పక్కన పెట్టి చూడనిచ్చేది కాదు. పక్కన పెడితే ప్రతి రంగూ ఒప్పుకుంటుంది, మీద వేస్తేనే గుట్టు బయట పడుతుందనేది. మసరత్ తన చీర కొంగును మెట్టు మీద పరిచింది. కొంగు అంచు ఇటుక రంగు. ఏడు రీళ్ళ నుంచి మూరెడు మూరెడు దారం లాగి కొంగుకు అడ్డంగా వేసింది. ఒక వైపు కొసలు తను పట్టుకుంది, ఇంకో వైపు కొసలు సుహానాకు ఇచ్చింది.

“అమ్మీ, అందరూ చూస్తాండారు.”

“చూడనీ. దారం గట్టిగా పట్టుకో.”

కొంగు మీద ఆరు దారాలు కనిపిస్తున్నాయి. మూడో దారం కనిపించడం లేదు. ఇటుక రంగులో ఇటుక దారం కలిసిపోయింది. ఉండాల్సిన తీరు అదే.

ప్రవీణ్ పోయినేటి ఫోన్‌తో ఒక ఫొటో, కొత్తదానితో ఒక ఫొటో తీశాడు. మసరత్ మొదటిది చూసింది. కొంగు రంగు కొంచెం వెలిసినట్టుంది. తన కొంగు అది కాదు. దారాలూ వెలిసినట్టున్నాయి. ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మూడోది కనిపించలేదు.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. చెరకురసం మనిషి మిషను వేసి, ఒక గ్లాసు తీసి, మళ్ళీ ఆపాడు.

ఫోన్ కొంగు రంగును తప్పు చెప్పింది. దారం రంగునూ అంతే తప్పు చెప్పింది. ఇద్దరినీ ఒకే మోసం చేసింది గనుక, ఇద్దరి మధ్య ఉన్న చుట్టరికం అట్లాగే ఉండిపోయింది. కంట్లో కలిసిన దారం ఫొటోలోనూ కలిసింది. చీర రంగు తెలుసుకోవడానికి నిజం చెప్పే ఫోన్ అక్కర లేదు. చీర మీద తన దారాలు ఉంటే చాలు.

“కొత్తదాంట్లోది చూపించు” అంది.

అందులో ఎండ పండగలా ఉంది. కొంగు పెళ్ళికి పోతున్నట్టు మెరుస్తోంది. మెట్టు మీది మట్టి కూడా బాగుంది. మసరత్ దారాలు లెక్కపెట్టింది. ఐదు. మూడోదే కాదు, నాలుగోది కూడా కనిపించలేదు. ఇటుకకూ, దాని పక్కనున్న పాత ఇటుకకూ ఉన్న తేడాను కొత్త ఫోన్ సరి చేసేసింది.

“ఈ మెరుపు ఆపేసేదానికి ఉంటాదా?”

“దీంట్లో లేదక్కా. అది లోపలే ఉంటాది. పోయినేడుదాంట్లో అయితే ఆపేయచ్చు.”

“అయితే పోయినేడుది ఇయ్యి.”

“అమ్మీ!” సుహానా దారాలు వదిలేసింది. “కొత్తది పెట్టుకోని పాతది కొంటారా ఎవరన్నా? ఊర్లో నవ్వుతారు. బట్టలంగట్లో పోయినేడు డిజైను చూపిస్తే నువ్వు లేచి రావా?”

“లేచి వస్తా. అది కట్టుకునేది. ఇది పని చేసేది. సూది పాతబడిందని పారేస్తామా?”

“సూదితో రీల్స్ తీసుకోలేం కదా” అంది సుహానా గొంతు తగ్గించి.

“ఇప్పుడు చెప్పినావు నిజం.”

చెరకురసం మనిషి పెద్దగా నవ్వాడు. ప్రవీణ్ నవ్వు దాచుకున్నాడు. సుహానాకు కూడా నవ్వు వచ్చింది, కోపం పోకముందే వచ్చింది. అప్పుడే మసరత్ పాత ఫోన్ మోగింది. జహీర్ వీడియో కాల్. పనికి పోయే వ్యానులో ఉన్నాడు. వెనక సీట్లలో ఇద్దరు నిద్రపోతున్నారు.

“ఆపా, కొన్న్యావా? చూపించు.”

“పోయినేడుది కొంటాండా.”

జహీర్ ముఖం మారింది. “ఎందుకు? దుడ్లు చాలల్యా? ఇంకా పంపుతా.”

“చాలినాయి.”

“మరేంది? నేను పంపింది కొత్తదానికి ఆపా. ఈడ అందరికీ చెప్పుకుంటి. మా అక్క పెద్ద పనిమంతురాలు, కొత్తదే వాడుతాదని.”

“నువ్వు పంపింది నాకు. ఫోనుకు కాదు.”

“అట్ల కాదాపా...”

“జహీర్, విను. రెండు దారాలుండాయి. వాటికి తేడా ఉండాది. కొత్తది ఆ తేడా చూపియ్యల్యా, పాతది చూపించె. నాకు కావాల్సింది ఆ తేడానే. నేను పనిమంతురాలినయితే ఆ తేడాతోనే అయినా.”

వ్యాను ఏదో మలుపు తిరిగింది. వెలుతురు అతని ముఖం మీదికి వచ్చి పోయింది. జహీర్ అన్నాడు:

“నాకు రెండు దారాలూ ఒకటిగానే కనపడతాయి ఆపా. నీ ఇష్టం.”

“కోపమా?”

“కోపం ల్యా. రూములో ఏం చెప్పాలో ఆలోచన చేస్తాండా.”

“కొత్తది మా అక్కకు నచ్చల్యా అని చెప్పు. అది నిజమే కదా.”

అప్పుడు నవ్వాడు. వెనక సీట్లో ఒకతను లేచి, నవ్వు ఎందుకో తెలియక, తనూ నవ్వాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మసరత్ ఫోన్ పక్కన పెట్టి, ఫోన్ వచ్చిన డబ్బా చేతిలోకి తీసుకుంది. గట్టి అట్ట. మూతను రెండు వైపులా తిప్పి చూసి కత్తెర అందుకుంది.

“డబ్బా కోస్తాండావా! అమ్మీ, వారంటీ!”

“వారంటీ కాగితం బీరువాలో పెట్న్యా. ఇది అట్ట.”

మూత మధ్యలో కిటికీలా కోసింది. ఆ కిటికీకి అడ్డంగా ఏడు రంగుల దారాలు, ఒక్కొక్కటి పది చుట్లు, బిగువుగా చుట్టింది. ప్రతి దారం పక్కన అట్ట మీద అంకె వేసింది. నయీం స్నానం చేసి వచ్చి చూసి, “మగ్గం పిల్ల పెట్టిందే” అన్నాడు. నిజంగానే అది అరచేయంత మగ్గంలా ఉంది. ఆమె దాన్ని రుమాల్లో చుట్టి మరునాటి పులివెందుల బస్సులో పంపింది.

సుశీలమ్మ ఫోన్ చేసింది.

“ఏందిది మసరత్తూ? రవిక అడిగితే దారాలు పంపినావు.”

“అక్కా, దాన్ని చీర అంచు మీద పెట్టి ఫొటో తీయించు. చీర గడప దాటే పని ల్యా. కత్తెర తగిలే పని ల్యా. దారం తగిలితే తప్పుందా?”

సుశీలమ్మ ఆలోచించింది. లోపల ఆదినారాయణను అడిగింది. ఆయన ఏమన్నాడో వినిపించలేదు.

“దారానికి తప్పు లేదంట. చీరే దారం కదా అంటాండాడు మా ఆయప్ప.”

గంట తర్వాత ఫొటో వచ్చింది. పావని ఫోన్ కొత్త మోడలే. మామిడి చిగురు చీర ఫొటోలో దీపం పెట్టినట్టు వెలుగుతోంది. కుంకుమ రంగు అంచు. అంచు మీద అట్ట, అట్ట కిటికీలో దారాలు. మసరత్ లెక్కపెట్టింది. ఐదే ఉన్నాయి. ఆరూ ఏడూ కనిపించడం లేదు.

ఆరు దానిమ్మ. ఏడు వక్క. పోయినసారి తప్పింది ఆ రెంటి మధ్యే.

ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. సగం సగం అవకాశం. పాత మసరత్, అంటే మొన్నటి మసరత్, ఎంచుకునేదే. ఆమె పావనికి ఫోన్ చేసింది.

“పావనీ, ఇది లైటు కింద తీసినావా తల్లీ?”

“అవునాంటీ. బాగా వచ్చె కదా?”

“బాగా వచ్చె. శానా బాగా వచ్చె. అందుకే పనికి రాదు. మీ ఇంట్లో పొద్దుటి వెలుతురు యాడ పడతాది?”

“దేవుని గదిలో కిటికీ ఉండాది. తూర్పుకు.”

“రేపు పొద్దున్నే తొమ్మిదికి లైట్లన్నీ ఆర్పేసి, కిటికీ తావ చీర పెట్టి, మళ్ళీ తియ్యి. కడుపుతో ఉండావు, నువ్వు వంగాకు. ఎవురితోనన్నా తీయించు.”

“రేపటిదాకా ఎందుకాంటీ? ఎర్రదే కదా.”

“రేపటిదాకా నేను గుడ్డ కొనను” అంది మసరత్.

మరునాడు పొద్దున తొమ్మిదికి ఆమె మగ్గం ముందు కూర్చోలేదు. వాకిట్లో కూర్చుంది. తొమ్మిదీ పదికి ఫొటో వచ్చింది. మెరుపు సగం పోయింది. అంచు కొంచెం దిగులుగా ఉంది. ఆమె ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరోది సన్నగా, కానీ స్పష్టంగా, అంచు మీద విడిగా నిలబడి ఉంది.

ఫొటో వెనకే పావని ఫోన్ వచ్చింది. గొంతులో కంగారు.

“ఆంటీ, ఏడో దారం బస్సులో ఊడిపోయినట్టుండాది. ఫొటోలో ల్యా. అత్తమ్మ కూడా చూసె. ఇంగొకటి పంపుతారా?”

“వేలు పెట్టి చూడు తల్లీ.”

తర్వాత పావని అంది, “వేలికి తగుల్తాండాది. ఉండాది.”

“ఉండాది కదా. చాలు.”

మసరత్ లోపలికి పోయి ఏడో రీలు తీసుకుంది. సంచిలో వేసుకొని గుడ్డ కొనడానికి బయల్దేరింది. జమ్మలమడుగులో మూడు అంగళ్ళు తిరిగింది. ప్రతి అంగట్లో గుడ్డను గుమ్మం దాకా మోయించుకొని వచ్చి, దాని మీద దారం వేసి చూసింది. ఎక్కడా దారం మాయం కాలేదు. మధ్యాహ్నం ప్రొద్దుటూరు బస్సెక్కింది. అక్కడ ఐదో అంగట్లో, కింది అరలో, పైన నాలుగు తానులు దించితే గానీ రాని తాను ఒకటి ఉంది. దాని మీద దారం వేయగానే కనిపించకుండా పోయింది. అంగడామె కళ్ళజోడు సరిచేసుకొని, “పడిపోయిందా?” అని కింద వెతికింది.

తొమ్మిది రోజులు కుట్టింది. నెమళ్ళు వేయలేదు. సన్నటి చిగురుకొమ్మలు, కొమ్మకొక మొగ్గ. శ్రీమంతానికి మూడు రోజుల ముందు రవిక పులివెందులకు చేరింది. చేరిందన్న కబురు వచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు. పదకొండో తేదీ గడిచింది. పన్నెండు గడిచింది. ఆమె సుశీలమ్మకు ఫోన్ చేయలేదు. అడిగి తెలుసుకునే పని కాదది. సుహానా మాత్రం రోజుకు మూడుసార్లు ఫోన్ తీసి చూసేది.

పదమూడున సుశీలమ్మే చేసింది.

“మసరత్తూ, సింహాద్రిపురంలో మా ఆడబిడ్డ ఉండాది చూడు.”

“అరువు తెచ్చినావా అనిన ఆయమ్మేనా?”

“ఆయమ్మే. మొన్న పావని పక్కన కూర్చోని, రవిక కొస పట్టుకోని వదల్ల్యా. చీరలోని గుడ్డనే కోసి కుట్టించినామని గొడవ. ఆనవాయితీ తప్పినామంట! పావని చీర మార్చుకున్నాక దాన్ని పరిచి, లోపల గుడ్డ కోయకుండా ఉండేది చూపిస్తే గానీ నమ్మల్యా.” సుశీలమ్మ ఆగి నవ్వింది. “వాళ్ళింట్లో మాఘంలో ఉపనయనం. తనకు పూజ చీర కొనుక్కుంది. ఆ దారాల అట్ట తనకూ పంపమంటాండాది.”

“ఏ రంగు చీరో చెప్పెనా?”

“పచ్చదంట. చిలకపచ్చో, ఆకుపచ్చో తనకూ తెలీదు. అన్నీ పంపు.”

మసరత్ గోడ మీది చెక్క అర వైపు చూసింది. పచ్చ దారాలు పై రెండు వరుసల్లో ఉన్నాయి.

“అన్నీ అంటే ఒక్క అట్టలో పట్టవక్కా” అంది. “రేపటి బస్సుకు మూడు పంపుతా. ఫొటో పొద్దున తొమ్మిదికి తీయమను. లైట్లు ఆర్పి.”